విజిల్

మా కురుమూర్తికి చెమట రాదు.
పుట్టుకతోనే ఒంటిమీద ఆ సన్నబెజ్జాలు లేవని
పట్నం దవాఖాన్ల డాక్టరమ్మ చెప్పింది.
నేను తారురోడ్డు పనోన్ని,
అంగి విప్పి పిండితే చెంబెడు నీళ్లు.
పంచేకాడ ఎవడో లెక్క తప్పిండు
అనుకున్న, పైకి అనలే.

ఎనిమిదేండ్లు వానికి. నోట్ల నాలుగే పండ్లు,
అవి గూడ మొనదేలినయి.
నెత్తిమీద ఉల్లిపొరసుంటి వెంట్రుకలు.
బడిల పోరగాండ్లు "తాతా" అంటరు.
వాడు తలకాయ ఊపి "ఏం మనుమడా" అంటడు.
అట్ల అననీకె వానికి రెండేండ్లు పట్టింది.

శివరాత్రి దాటితే వానికి అర్రనే ఊరు.
వాళ్లమ్మ సాయమ్మ గోనెపట్ట తడిపి తలుపుకు కడ్తది,
గంటకోసారి తడిగుడ్డతోటి ఒళ్లు తుడుస్తది.
వాడు కిటికీలకెల్లి
బయటి గోలీలాటకు తీర్పులు చెప్తడు.
ఒకపారి మేం కన్ను మలిపినప్పుడు ఉరికిండు.
ఎత్తుకొచ్చేసరికి పెనం లెక్క ఉన్నడు, పలుకుతలేడు.
బోరుకాడ ఎన్ని బకెట్లు గుమ్మరించిన్నో
నాకు యాదికి లేదు.
చేతులకు యాదికున్నది.

గందుకే ఆశమ్మ వచ్చి
"మన్ననూర్ల ఎండకాలం క్యాంపు,
ఇసుంటి పిల్లలకే, పదిరోజులు" అంటే
సాయమ్మ చాట కింద పెట్టింది.
"ఎండకాలం అంటివి, మల్ల క్యాంపు అంటివి.
రెండు మాటలు ఒక్క నోట ఎట్లొస్తున్నయే నీకు?"

అయినా పంపినం.
మొదటిరోజు నేను పోలే,
ఇప్పచెట్టు చాటున దొంగలెక్క నిలవడ్డ.

ఆడ దినమే తలకిందులు.
కోడికంటే ముందు ఆట. ఏడున్నరకు అందరు లోపల,
వట్టివేళ్ల తడకలకు నీళ్లు చల్లి
పగలంత నిద్ర, బొమ్మలు, చింతగింజల పచ్చీసు.
పొద్దుగూకినంక మల్ల మైదానం,
బంతికి మెరుపు పట్టీ.

ఒక పాప కుండల ఇసుక పోసి
అండ్ల షుగరు సూదిమందు దాచుకున్నది.
తిండి యాళ్లకు తప్పక వస్తదని
దాని పేరు చుట్టమట.
ఒక పిలగానికి దెబ్బ తాకితే నెత్తురు ఆగదు.
వాని కోసం కబడ్డీల ముట్టుడు తీసేసిండ్రు,
నడుముకు దోపిన రుమాలు గుంజితే ఔటు.

రిబ్కా సిస్టరు మెడల విజిల్.
పది నిమిషాలకోపారి ఊదుతది.
ఊదంగనే ఆగాలె,
మావోడొక్కడే కాదు, అందరు.
గంగాళంల నానిన బనీన్లు తలా ఒకటి,
నీళ్లు చల్లే సీస తలా ఒకటి.
తడవాలె, పక్కోన్ని తడపాలె, మల్ల ఆట.
వంటామె గూడ గంటె పట్టుకొనే వచ్చి తడిసిపోయింది.

ఎనిమిదేండ్లల్ల మొదటిపారి
నా కొడుకు నలుగుట్ల తడిసిండు.
నేను చెట్టు ఇడిచి బస్సుకు పోయిన.

పదోనాడు పనిమీదికెల్లి అట్లనే పోయిన,
కాళ్లకు తారు, అంగి ఈపుకు అతుక్కొని.
రాత్రి బస్సుల వాడు నా అంగి లేపి
సీసతోటి ఈపుమీద చల్లిండు.
"నాకెందుకురా, నాకు వస్తది గద చెమట."
వేలితోటి తుడిచి నాలికకు రాసుకున్నడు.
"ఉప్పగున్నది" అన్నడు, కొత్త పండు తిన్నట్టు.
జరసేపటికి,
"నాయినా, రోడ్డుకాడ మీకు విజిల్ ఎవరు ఊదుతరు?"

నేను బయటికి చూసిన. చీకటి, అడివి.

అచ్చంపేటల కండక్టరు విజిల్ ఊదిండు.
అలవాటుకొద్ది మావోడు లేచి
ముందటి సీటు ముసలామె మెడమీద చల్లిండు.
నేను గుండె పట్టుకున్న.
ఆమె తిరిగి చూడనన్న చూడలే,
కొంగు జర పక్కకు జరిపి అన్నది,
"ఇంకోపారి చల్లు బిడ్డా."